నొప్పి లేని చోటు

పోయిన వారం మనం సుందరాబాయిని ఫ్రిజ్ తలుపు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులు ఒక పెద్దావిడను అలా నిలబెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. ఏం చేయను, పత్రికవాళ్ళు ఇచ్చిన పేజీలు సరిగ్గా అక్కడితో అయిపోయాయి. ఆవిడ చేతిలో కోడలి ఇంజెక్షన్ డబ్బా ఉంది. గుమ్మంలో నర్సు స్వాతి చెప్పులు విడుస్తోంది. ఆమె వెనకే, కార్ఖానా నుంచి తలనిండా నూలు నలకలతో వచ్చిన కొడుకు ప్రతీక్ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

మరిచిపోయినవాళ్ళ కోసం, ఇవాళే మొదటిసారి ఈ కథలోకి తొంగిచూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. షోలాపూర్ దాజీ పేట్‌లో, మరమగ్గాల చప్పుడు ఆగితే పిల్లలు ఉలిక్కిపడి నిద్రలేచే గల్లీలో వీళ్ళ ఇల్లు. ప్రతీక్ టవళ్ళు నేస్తాడు. సుందరాబాయి, కోడలు ఋతుజ బీడీలు చుడతారు. పెళ్ళయిన రెండో ఏడు ఋతుజకు ఒక కన్ను మసకేసింది. అది తేరుకున్నాక కుడిచెయ్యి వణికింది. చివరికి పెద్ద డాక్టరు ఆ జబ్బుకు పేరు పెట్టాడు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. ఒంటిని కాపాడాల్సిన బలగమే దారితప్పి నరాల మీది పొరను కొరికేసే జబ్బు. పూర్తిగా పోగొట్టే మందు లేదు. మాటిమాటికీ లేవకుండా అదుపులో పెట్టే మందుంది, వారానికి మూడుసార్లు చర్మం కిందికి ఎక్కించే ఇంజెక్షన్. చెయ్యి వణికే ఋతుజ తనకు తాను పొడుచుకోలేదు. ప్రతీక్‌కు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని ఆ పని సుందరాబాయి స్వాతి దగ్గర నేర్చుకుంది.

చాలా కాలం అంతా బాగానే నడిచింది. కిందటి నెల చుట్టిన బీడీలు అప్పజెప్పి వస్తూ వస్తూ ఋతుజ గల్లీ మధ్యలో కూలబడింది. ఎడమకాలు మాట వినలేదు. ఆస్పత్రిలో సెలైన్‌లో మందులెక్కించాక గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చింది. "ఇంత క్రమంగా వాడినా జబ్బు లేచిందంటే ఈ మందు పనిచేయడం లేదన్నమాట. ఇంకా గట్టిదానికి మారుద్దాం" అన్నాడు డాక్టరు. ఆ గట్టి మందుకు గట్టి చిక్కులున్నాయి. ఒంట్లో రోగాలనాపే శక్తి తగ్గుతుంది, పిల్లల సంగతి కొన్నాళ్ళు మరిచిపోవాలి. రేపు పొద్దున ఆస్పత్రిలో ఆ నిర్ణయం. ప్రతీక్‌కు మాత్రం 'క్రమంగా' అన్న మాట దగ్గరే చిక్కుపడింది. పెళ్ళాం మధ్యమధ్యలో ఇంజెక్షన్ ఎగ్గొట్టిందని వాడి అనుమానం. ఆ అనుమానం తేల్చుకోవడానికే భవాని పేట్ నుంచి స్వాతిని పిలుచుకొచ్చాడు.

ఇక కథలోకి.

"మౌశీ, నేనేం చెప్ప" అంది స్వాతి పిన్ని వరస కలుపుతూ, గోడకానుకుని కూర్చుని. "మీరు ఎప్పుడు ఎట్ల ఇస్తరో గట్లనే ఇయ్యిండ్రి. నేను ఊకె చూస్త."

సుందరాబాయికి లోపల సంబరమే అయింది. ఒక పని తనకు బాగా వచ్చని తెలిసిన మనిషికి, ఎవరైనా చూస్తామంటే ఉండే సంబరం అది. వెనక్కి తిరిగి కొడుకు వైపు ఒక చూపు చూసింది. చూడు నాయనా, నీ అనుమానం ఏపాటిదో ఇప్పుడు తేలుతుంది అన్నట్టు.

డబ్బాలోంచి మందు నింపిన సిరంజి తీసి పళ్ళెంలో పెట్టి, చల్లదనం పోయేదాకా ఆగింది. ఈలోపు సబ్బుతో చేతులు కడుక్కుంది. సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టి, మందు తేటగా ఉందా, నలకలేమైనా ఉన్నాయా అని చూసింది. డబ్బా మీది తేదీ కొడుకుతో గట్టిగా చదివించింది. ఆ చదివించడంలో కాస్త వెటకారం కూడా ఉంది. స్వాతి ప్రతిదానికీ తలూపుతోంది. మంచం మీద ఋతుజ గోడవైపు తిరిగి పడుకుంది. సుందరాబాయి కోడలి చీర కొంచెం జరిపి, కుడి తుంటి పైభాగాన స్పిరిట్ దూదితో తుడిచి, సిరంజి మూత తీసింది.

"ఆగుండ్రి మౌశీ" అంది స్వాతి.

లేచి వచ్చి, తుడిచిన చోట వేళ్ళతో తడిమింది. నొక్కింది. పక్కన నొక్కింది. మధ్యలో చర్మం గుంటపడి ఉంది. దాని చుట్టూ అరిగిన సబ్బుబిళ్ళలాగా గట్టిగా తగిలింది. స్వాతి మొహంలోంచి తలూపే స్వాతి మాయమైపోయింది.

"పోయినసారి ఎక్కడిచ్చిండ్రు?"

"ఈడనే బిడ్డా."

"అంతకుముందు?"

"ఈడనే. ఈడ మంచిగ పడ్డది దానికి" అంది సుందరాబాయి, ఇంకా నవ్వుతూనే. "జర్ర గూడ నొప్పి లేస్తలేదు. కదులది, మెదులది. నేనిచ్చిననా లేదా అని నేనే అడగాలె దాన్ని."

స్వాతి ఇంకోసారి అక్కడే నొక్కి చూసింది. అది చూసి సుందరాబాయి నవ్వు దానంతట అదే చిన్నదై పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ఒక్కచోటు సుందరాబాయి బద్ధకంతో ఎంచుకున్నది కాదు. మొదట్లో స్వాతి చెప్పినట్టే చేసింది. ఒకనాడు తొడ, ఒకనాడు పొట్ట, ఒకనాడు చెయ్యి, ఒకనాడు తుంటి, కుడి ఎడమలు మారుస్తూ. కానీ బీడీలు చుట్టే ఆడమనిషి ఎలా కూర్చుంటుందో ఆస్పత్రి వాళ్ళెవరూ చూసి ఉండరు. బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, అందులో ఆకు, తంబాకు, దారం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నందాకా ఆ చాట తొడల మీదే. సూది పడిన తొడ ఉబ్బి ఉంటే చాట అంచు సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటుంది. పొట్టకిస్తే వంగి కూర్చున్నప్పుడల్లా మడతలో నొక్కుకుంటుంది. చేతికిస్తే ఆకు తిప్పే చెయ్యి ఆగుతుంది. ఎడమ తుంటికిస్తే, రాత్రి అటువైపే ఒత్తిగిలి పడుకునే పిల్లకు నిద్ర ఉండదు. ఋతుజ పెదవి కొరుక్కుని చుట్టడం సుందరాబాయి చూడలేకపోయింది. అన్నీ తీసేయగా ఒకటి మిగిలింది. చాట తగలనిది, మడత పడనిది, పని ఆపనిది, ఆ కుడి తుంటి.

మొదట అక్కడా చురుక్కుమనేది. తరవాత తరవాత ఆ చురుకు తగ్గింది. కొన్నాళ్ళకు అసలే పోయింది. ఆ రోజు సుందరాబాయి ఎంత మురిసిపోయిందని! పక్కింటి యమునాబాయిని పిలిచి మరీ చెప్పింది. యమునాబాయి గల్లీకి చెప్పింది. 'సుందరక్క చెయ్యి ఎంత తేలికనో, సూది దిగేది గూడ తెల్వదట' అని బీడీల కంపెనీ గుమ్మం దాకా పాకింది. అరవై దాటిన ఒక ఆడమనిషికి, అక్షరం రాని మనిషికి, అలాంటి పేరు రావడం మాటలు కాదు. ఆ పేరును ఆవిడ కొత్తచీరలా కట్టుకుని తిరిగింది.

"మౌశీ, నేను చెప్పిన గదా" అంది స్వాతి. గొంతులో కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. "ఒక్కోసారి ఒక్కో చోట ఇయ్యాలె, ఒకసారి ఇచ్చిన చోటికి మళ్ళ ఆ వారంల రావద్దని."

"చెప్పినవ్."

"ఒక్కదగ్గరనే పొడుస్తుంటె చర్మం కింద కొవ్వు కరిగి గుంట పడ్తది. చుట్టూ గట్టిపడ్తది. గట్టిపడ్డదాంట్ల మందు సరిగ్గ ఇంకదు."

సుందరాబాయి చేతిలోని సిరంజిని చూసుకుంది. ఆవిడకు అర్థమైంది. నూలుకు గంజి పట్టకపోతే ఏమవుతుందో తెలిసిన ఇంట్లో పుట్టిన మనిషికి, మందు పట్టకపోవడం అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

"అంటే…" ప్రతీక్ గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వచ్చాడు. "ఇన్ని నెలలు మందు ఎక్కలేదా? అందుకే కాలు పడిపోయిందా?"

"నేను గట్ల అంటలేను దాదా" అంది స్వాతి వెంటనే. "దీనివల్లనే జబ్బు లేచిందని నేను చెప్పలేను. అన్ని మంచిగ చేసినా గూడ లేస్తది ఒక్కోసారి. గని రేపు డాక్టర్ సాబ్‌కు ఇది తెల్వాలె. ఆయన ఏమనుకుంటుండు? మందు బరాబర్ ఎక్కింది, అయినా పని చేస్తలేదు అనుకుంటుండు. ఎక్కిందో లేదో తెల్వకుంట మందు మారుస్తె ఎట్ల? మార్చుడో, ఉంచుడో, అన్ని తెలిసినంక ఆయన చెప్పాలె."

మాట్లాడుతూనే ఆమె మళ్ళీ వంగి చూసింది. గుంట పక్కన చర్మం ఎర్రగా, అక్కడక్కడా నల్లగా కమిలి ఉంది.

"ఇదేంది?"

"కాపడం" అంది సుందరాబాయి. "సూది ఇచ్చినంక టవల్ వేడినీళ్ళల ముంచి, పిండి పెడ్త. మంచిగ రుద్దుత గూడ. మందు తొందరగ పాకుతదని."

"అరే దేవా. వేడి పెట్టొద్దు మౌశీ, రుద్దొద్దు. మరీ మంట లేస్తె చల్లటి గుడ్డ జర్ర సేపు, బస్." స్వాతి కమిలిన చోటునే చూస్తోంది. "ఇంత వేడి ఎట్ల ఓర్చుకున్నవ్ ఋతుజా?"

ఋతుజ గోడవైపే తిరిగి ఉంది. "అలవాటైంది" అంది.

ఆ రోజు వేసుకోవాల్సిన మందు ఇంకా సిరంజిలోనే ఉంది. ఇన్నాళ్ళూ సరిగ్గా ఇవ్వలేదని ఇవాళ్టిది మానెయ్యడం ఇంకో తప్పంది స్వాతి. ఆ కుడి తుంటిని మాత్రం డాక్టరు చెప్పేదాకా ముట్టుకోవద్దంది. ఋతుజను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకు దూరంగా ఎడమపక్కన పొట్ట మీద చోటు చూపించింది.

"నువ్వే ఇయ్యి బిడ్డా" అంది సుందరాబాయి. "నా చేత గాదు. నా చెయ్యి నాకే చూడబుద్ధైతలేదు."

"మీరే ఇయ్యాలె. ఇవ్వాళ నేనిస్త. ఎల్లుండి ఎవరిస్తరు?"

ప్రతీక్ అప్పటికే సిరంజి వైపు చూడలేక తలుపు గడియను పరీక్షిస్తున్నాడు. సుందరాబాయి వంగింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆవిడ సూది మొన దగ్గరికి తెచ్చి ఆగిపోయింది. స్వాతి ఆవిడ మణికట్టు కింద వేలు ఆనించి పట్టింది. సుందరాబాయి చర్మం వేళ్ళతో ఎత్తి, సూది దించి, మెల్లగా మందు వదిలింది.

"అబ్బా!" అంది ఋతుజ.

ఒక్క మాట. ఇంజెక్షన్ వేసుకునే వాళ్ళంతా అనే మాటే. కానీ ఎంతకాలమైందో సుందరాబాయి ఆ మాట విని. సూది తీసి, పక్కనున్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించేదాకా ఆగింది. ఆ తరవాత కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నొప్పి పుట్టినందుకు కాదు. ఇన్నాళ్ళూ నొప్పి పుట్టలేదని సంతోషపడ్డందుకు.

స్వాతి చాయ్ వద్దంది. వెళ్తూ వెళ్తూ, ఉబ్బి గట్టిపడ్డచోట చీమూ జ్వరమూ లేవని చూసుకొమ్మంది. "కొత్తగ తిమ్మిరి గాని, చూపు మసక గాని వచ్చి ఒక రోజు దాటినా తగ్గకపోతె ఆగొద్దు ఋతుజా, నాకు ఫోన్ చెయ్యాలె. తెలిసిందా?" అంది. ఋతుజ తలూపింది. మరీ తొందరగా ఊపింది, కానీ ఆ సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు.

నర్సు గల్లీ మలుపు తిరిగిందో లేదో ప్రతీక్ నోరు తెరిచాడు.

"నా చెయ్యి తేలిక, నా చెయ్యి తేలిక అని గల్లీ అంత డప్పు కొట్టుకున్నవ్. ఇదా నీ తేలిక?"

సుందరాబాయి దూదిముక్కలు ఏరి పళ్ళెంలో వేస్తోంది.

"నర్సు ఏం చెప్పిందో గది చేస్తె అయిపోతుండె గదా! నీకెందుకు సొంత తెలివి? బీడీలు ఒక పూట చుట్టకపోతె ఏం మునిగిపోతుండె? దాని కాలు పోయినంక ఏం చేస్కుంటవ్ ఆ బీడీలు?"

"అను బిడ్డా" అంది ఆవిడ. "ఇంక అను. నేను పడ్త."

ఎదురు తిరిగితే వాడికి సులువయ్యేది. పడతానన్నాక ఏమనాలో తోచక గోడకున్న మేకు వైపు చూశాడు. అప్పుడు మంచం మీంచి ఋతుజ లేచి కూర్చుంది. గోడ పట్టుకోకుండానే కూర్చుంది.

"నువ్వు ఒక్కనాడన్న ఆ సూది ముట్టినవా?" అంది మొగుడితో. "సిరంజి తీస్తె బయటికి ఉరుకుతవ్. ఒక్కనాడన్న నా తుంటి మీద గుంట పడ్డదని చూసినవా? నీకు కనపడంది నీ తల్లికి కనపడాల్నా? ఆమెకు చూపు ఎంత ఆనుతదో నీకెరుక లేదా?"

"నేనేమన్న నిన్ను…"

"నన్నంటివి. వారం నుంచి నన్నే అంటున్నవ్, నోటితోని అనకపోయినా. నేను మందు ఎగ్గొట్టిన్నని గదా నర్సును పట్కొచ్చినవ్?"

మగాడికి, అందులోనూ తప్పు తనదని తెలిసిన మగాడికి, క్షమించమనడానికి నోరు అంత తొందరగా పెగలదు. ప్రతీక్ తలలోని నూలు నలకలు ఏరుకున్నాడు. తరవాత, "చాయ్ తాగుతవా?" అన్నాడు. ఋతుజకు కోపంలోనూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చాలు వాడికి. పొయ్యి ముట్టించి, చక్కెర ఎక్కువేసి, ముగ్గురికీ చాయ్ పెట్టాడు. తల్లి గ్లాసు ఆమె ముందు పెట్టి, "తాగు అమ్మా, చల్లారుతది" అన్నాడు. ఆ తరవాత రేపటి సెలవు సంగతి సావుకారుకు చెప్పొస్తానని కార్ఖానాకు వెళ్ళాడు.

అత్తాకోడళ్ళు మిగిలారు.

గోడ అవతల మరమగ్గాలు ఎప్పటిలాగే కొట్టుకుంటున్నాయి. సుందరాబాయి చాయ్ ముట్టుకోలేదు. మంచం కోడు పక్కన కింద కూర్చుని, ఋతుజ చీర కుచ్చిళ్ళు సర్దుతున్నట్టు నటిస్తూ, పాత రోజులన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటోంది. ఎన్నిసార్లు ఆ గట్టిదనం వేళ్ళకు తగిలింది! తగిలినప్పుడల్లా ఏమనుకుంది? సూది అలవాటై చర్మం గట్టిపడింది, మంచిదే, నొప్పి తెలియదు అనుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ తన వేలికొసలు కాయలు కాయలేదూ? ఆ కాయలున్న చోట దారం కోసినా తెలియదు. ఒళ్ళంటే అలాగే రాటుదేలుతుందనుకుంది. అడగాల్సింది స్వాతిని. ఒక్క ఫోను. యమునాబాయిని పిలిచి చెప్పుకోవడానికి నోరుంది గానీ, ఆ ఒక్కమాట నర్సుకు చెప్పడానికి నోరు రాలేదు. తను కోడల్ని బిడ్డలా చూసుకుంటున్నాననుకుంది. చూసుకోవడం అంటే బాధ లేకుండా చూడటమే అనుకుంది. అక్కడే పొరబడింది.

"రేపు డాక్టర్ సాబ్‌కు నేనే చెప్త" అంది చివరికి. "నా నోటితోనె చెప్త. నా కోడలు ఒక్క ఇంజెక్షన్ గూడ ఎగ్గొట్టలేదు సాబ్, తప్పు నాది అని. తిట్టనీ. నిన్ను మాత్రం ఆ గట్టి మందుల పడెయ్యద్దని కాళ్ళు మొక్కుత."

"అత్తా, ఆయన చూసి చెప్తడు. మార్చాలంటె మారుస్తడు. గది నీ వల్లనె అని కాదు."

"ఎందుకు గాదు? పోయిన నెల దవాఖానల ఆయన ముంగటనే చెప్పుకున్నగా నా గొప్ప. సాబ్, నేనిస్తె దానికి సూది గూడ తెల్వది అని. నువ్వు నా పక్కకే కూసున్నవ్. నవ్వినవ్ గూడ." సుందరాబాయి కుచ్చిళ్ళు వదిలి తల పైకెత్తింది. "బిడ్డా, ఒక్కమాట నిజం చెప్పు. నా ముఖం చూసి నువ్వు ఓర్చుకున్నవా? నొప్పి లేస్తుంటె, నేను ఖుష్ అయితనని లేస్తలేదన్నవా?"

ఋతుజ గ్లాసు కింద పెట్టింది.

"లేదత్తా. నొప్పి నిజంగనె లేకుండె."

"మరి?"

"నీ చెయ్యి తేలికై కాదు. ఆ గుంట వల్ల గూడ కాదు." ఆమె కుడి మోకాలి మీద అరచెయ్యి వేసి, తుంటి నుంచి పాదం దాకా మెల్లగా రాసింది. "ఇటుపక్క మొత్తం మొద్దుబారి ఉన్నది నాకు. పండుగ ముందట తుంటి కాడ మొదలైంది, మెల్లమెల్లగ పాదం దాక వచ్చింది. నువ్వు కాపడం పెడ్తె వేడి గూడ తెల్వకపోతుండె. స్వాతి అడిగింది చూడు, ఎట్ల ఓర్చుకున్నవని. ఓర్చుకునుడేముంది, తెలిస్తె గదా."

సుందరాబాయికి ఒక్క క్షణం మగ్గాల చప్పుడు కూడా వినిపించలేదు. సూది తప్పుచోట పడుతోందని స్వాతి చూసింది. అది తప్పే. కానీ అంతకన్న పెద్దది ఆ చోటు కిందే దాక్కుని ఉంది. తన చేతి మహిమ అని ఊరంతా చాటుకున్నది, జబ్బు చప్పుడు లేకుండా పాకుతున్న జాడ. నొప్పి లేదని కోడలు అన్నప్పుడల్లా, ఎందుకు లేదమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. ఒక్కసారీ అడగలేదు. అడగడానికి బదులు మురిసిపోయింది.

"ఎందుకు చెప్పలేదే?" అంది. అది కోపమో, ఏడుపో ఆవిడకే తెలియలేదు.

"మొదలు నేను గూడ అనుకున్న, మందు పని చేస్తుందేమో, నీ చెయ్యి మంచిదేమో అని. పాదం దాక వచ్చినంక భయమైంది. డాక్టర్ సాబ్ అడిగిండు ఆనాడు, కొత్తగ తిమ్మిరి ఉన్నదా అని. అప్పుడే నువ్వు చెప్తున్నవ్, నా చేతికి సూది తెల్వదు సాబ్ అని. నీ ముఖం అట్ల వెలిగిపోతుండె. నేను వచ్చినకాంచి నీ ముఖం అట్ల ఎన్నడు చూడలేదత్తా." ఋతుజ కళ్ళు తుడుచుకుంది. "లేదన్న. తిమ్మిరేం లేదు సాబ్ అన్న."

తన వెలుగు చూసి ఈ పిల్ల చీకట్లో కూర్చుందా! సుందరాబాయికి ఆ క్షణంలో తన మొహాన్ని తనే గోళ్ళతో రక్కుకోవాలనిపించింది. కోడలి నోట్లో అబద్ధం పెట్టింది ఎవరో కాదు, తన సంతోషమే. కొడుకు తిట్టిన తిట్లన్నీ కలిపినా ఈ ఒక్కదాని ముందు చాలవు.

కానీ ఏడుస్తూ కూర్చోవడానికి ఇది సమయం కాదని ఆవిడకు తెలుసు. ముక్కు చీది లేచింది.

"రేపు ఇద్దరం చెప్దాం. నా తప్పు నేను, నీ తప్పు నువ్వు. ఒక్కటి గూడ దాచద్దు. తుంటి, కాలు, అంతే గదా? ఇంకేం లేదు గదా?"

ఋతుజ కాళ్ళ మీది దుప్పటిని ఎడమచేతి మీదికి లాక్కుంది.

"ఇంకేమన్న ఉన్నదా?"

"నిన్న పొద్దటిసంది…" అని ఆగింది.

సుందరాబాయి గబగబా వెళ్ళి కోడలి పక్కన మంచం మీద కూర్చుంది. దుప్పటి కింద ఉన్న ఆమె ఎడమచేతిని వెతికి పట్టుకుంది. కాయలు కాసిన తన వేళ్ళన్నీ బిగించి, ఎముకలు నలిగేంత గట్టిగా పట్టుకుంది.

"ఇగో, నేనున్న గదా. నీ చెయ్యి పట్టుకున్న చూడు. ఏందో చెప్పు బిడ్డా."

ఋతుజ రెండో చేత్తో దుప్పటి పక్కకు తొలగించింది. తల వంచి, అత్త పిడికిట్లో ఉన్న తన ఎడమచేతి వైపు చూసింది. చూశాకే అంది.

"అవునత్తా. పట్టుకున్నవ్."